జప్తు భూమి నుంచి ఊరుమ్మడి ఆస్తి దాకా: మాఫియా దుష్ఫలితాలపై ఇటలీ స్థానిక ప్రభుత్వాల కృషి

వ్యాససంగ్రహం:

వ్యవస్థీకృత నేరాన్ని అణచడం పోలీసుల పని, న్యాయస్థానాల పని అన్నది సాధారణ భావన. నేరస్థుడు జైలుకు వెళ్లిన తరువాత కూడా అతడు ఊరికి చేసిన నష్టం ఊరిలోనే మిగిలి ఉంటుంది. ఆ నష్టాన్ని పూడ్చే బాధ్యతను చట్టపూర్వకంగా మునిసిపాలిటీలకు అప్పగించిన దేశం ఇటలీ. 1982, 1991, 1996 సంవత్సరాలలో వచ్చిన మూడు చట్టాలను, సిసిలీ ద్వీపంలోని పలెర్మో, కొర్లియోనె, సాన్ జుసెప్పె యాతో ప్రాంతాల అనుభవాలను ఆధారంగా చేసుకుని, స్థానిక ప్రభుత్వం ఈ విషయంలో ఏమి చేయగలిగింది, ఎక్కడ విఫలమైంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాఫియా, స్థానిక ప్రభుత్వం, జప్తు ఆస్తులు, సామాజిక వినియోగం, సిసిలీ, సహకార సంఘాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు పత్రికలలో ‘మాఫియా’ అన్న పదం కనిపించని రోజు అరుదు. ఇసుక మాఫియా, భూమాఫియా, గంజాయి మాఫియా అంటూ ఏ అక్రమ ముఠానైనా ఆ పేరుతోనే వ్యవహరిస్తున్నాం. పదం పుట్టిన సిసిలీలో దాని అర్థం ఇంత విస్తృతమైనది కాదు. సామాజిక శాస్త్రవేత్త దియెగో గంబెత్తా 1993లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథంలో సిసిలీ మాఫియాను ‘రక్షణ’ అనే సరుకును అమ్మే ప్రైవేటు వ్యాపారంగా నిర్వచించాడు. గట్టు తగాదా తీర్చడం, పోయిన పశువును వెతికి తెప్పించడం, బాకీ వసూలు చేయడం, పోటీదారుని బజారు నుంచి తప్పించడం ఈ వ్యాపారంలోని పనులు. ప్రతి పనికీ ధర ఉంటుంది. ఆ ధరను కాదన్నవారికి శిక్ష ఉంటుంది.

19వ శతాబ్దంలో పెద్ద జమీలను గుత్తకు తీసుకుని, రైతులకు ముక్కలుగా తిరిగి కౌలుకిచ్చే మధ్యవర్తుల వర్గం సిసిలీలో బలపడింది. వీరిని ‘గబెల్లోత్తో’లు అనేవారు. తెలంగాణ చరిత్రలోని ఇజారాదారులను తలపించే ఈ వర్గమూ, వారు నియమించుకున్న సాయుధ కావలివారూ గ్రామీణ మాఫియాకు మూలకందం. భూస్వామి ఎక్కడో పట్టణంలో ఉండేవాడు, రాజ్యం అంతకన్నా దూరంలో ఉండేది. ఆ ఖాళీని నింపినవాడు గబెల్లోత్తో.

ఈ నిర్వచనాన్ని అంగీకరిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మాఫియా కాజేసేది ధనాన్ని మాత్రమే కాదు. తగాదా తీర్చడం, నీరు పంచడం, నిర్మాణానికి అనుమతినివ్వడం, పని చూపించడం వంటి స్థానిక ప్రభుత్వపు విధులను కూడా అది కాజేస్తుంది. కనుక దాని వల్ల ముందుగా నష్టపోయేది మునిసిపాలిటీయే. సిసిలీ చరిత్రను చూస్తే, నేరంలో ముందుగా భాగస్వామి అయినదీ చాలాచోట్ల మునిసిపాలిటీయే అని చెప్పక తప్పదు.

2. పలెర్మో: అనుమతి పత్రమే ఆయుధం

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పలెర్మో నగరం వేగంగా విస్తరించింది. సాల్వో లిమా 1958లో మేయరు అయ్యాడు. కొర్లియోనెలో ఒక మంగలి కుమారుడిగా పుట్టిన వితో చాంచిమీనో 1959 నుంచి ప్రజాపనుల శాఖను చూశాడు. వీరి కాలంలో నాలుగైదేళ్ల వ్యవధిలో నాలుగు వేలకు పైగా నిర్మాణ అనుమతులు మంజూరయ్యాయి. వాటిలో అత్యధిక భాగం నలుగురైదుగురు వ్యక్తుల పేరనే ఉన్నాయి. ఆ వ్యక్తులు గృహనిర్మాతలు కారు, కేవలం బినామీలు. ‘బంగారు గిన్నె’ అని పేరొందిన పలెర్మో మైదానంలోని నిమ్మ, నారింజ తోటలు కాంక్రీటు కింద కనుమరుగయ్యాయి. శిల్పి ఎర్నెస్తో బసీలె రూపొందించిన విల్లా దెలియెల్లా భవనాన్ని 1959 నవంబరు చివరలో, ఒక శనివారం సాయంత్రం మొదలుపెట్టి హడావుడిగా పడగొట్టారు. చరిత్రకారులు ఈ దశను ‘పలెర్మో విధ్వంసం’ అని పిలుస్తారు.

ఇక్కడ తుపాకీ కన్నా రబ్బరు ముద్ర ఎక్కువ పని చేసిందన్నది గమనార్హం. హత్యలు జరగలేదని కాదు. కానీ నగరం రూపురేఖలను మార్చివేసింది కార్యాలయంలో జరిగిన సంతకాలు. పాత నగర కేంద్రాన్ని బాగుచేయకుండా వదిలివేయడం కూడా ఒక విధానమే అయింది. 1974లో మరమ్మతుల పేరుతో మూసిన తెయాత్రో మాస్సిమో అనే సంగీత నాటకశాల 1997 వరకు తెరుచుకోలేదు. ఇరవై మూడేళ్లపాటు నగరం నడిబొడ్డున మూసి ఉన్న ఆ తలుపులు పలెర్మో ప్రజలకు మునిసిపాలిటీ ఏమి చేస్తోందో రోజూ చెబుతూనే ఉన్నాయి.

3. 1982 చట్టం: కొర్లియోనె నేపథ్యం

1948 మార్చి 10న కొర్లియోనెలో ప్లాచిదో రిజ్జోత్తో అనే కార్మిక సంఘ నాయకుడిని మాఫియా అపహరించి హత్య చేసింది. సాగులేని జమీ భూములను రైతుకూలీలకు పంచాలని ఉద్యమించడమే ఆయన చేసిన నేరం. ఆయన స్థానంలో కొర్లియోనెకు వచ్చిన యువకుడు పియో లా తోర్రె. పలెర్మో శివారులోని పేద రైతు కుటుంబంలో పుట్టిన లా తోర్రె 1950లో భూ ఆక్రమణ ఉద్యమంలో అరెస్టయి సుమారు ఏడాదిన్నర జైలులో గడిపాడు. రిజ్జోత్తో హత్యను దర్యాప్తు చేసిన యువ కెప్టెను కార్లో అల్బెర్తో దల్లా కియెజా. ముప్పై ఏళ్ల తరువాత ఈ ఇద్దరి పేర్లూ ఒకే చట్టంతో ముడిపడ్డాయి.

పార్లమెంటు సభ్యుడిగా లా తోర్రె 1980లో ఒక బిల్లును ప్రతిపాదించాడు. మాఫియా సంఘంలో సభ్యత్వమే నేరం కావాలి. వివరణ లేని ఆస్తిని రాజ్యం జప్తు చేయాలి. ఈ రెండూ బిల్లులోని ప్రధానాంశాలు. మాఫియాకు జైలు వ్యాపార ఖర్చు వంటిదనీ, ఆస్తి పోవడమే అసలైన దెబ్బ అనీ ఆయన గ్రహించాడు. భూపోరాటం నుంచి వచ్చిన వ్యక్తి కావడం వల్లనే ఈ గ్రహింపు సాధ్యమైందని చెప్పవచ్చు. బిల్లు రెండేళ్లు కదలలేదు. 1982 ఏప్రిల్ 30న లా తోర్రెను, ఆయన డ్రైవరు రోజారియో ది సాల్వోను పలెర్మోలో కాల్చి చంపారు. పలెర్మో ప్రిఫెక్టుగా నియమితుడైన దల్లా కియెజాను, ఆయన భార్యను అదే ఏడాది సెప్టెంబరు 3న చంపారు. వారితో ఉన్న పోలీసు కూడా తరువాత గాయాలతో మరణించాడు. పది రోజులకు, సెప్టెంబరు 13న 646వ నంబరు చట్టం వచ్చింది. నాటి హోంమంత్రి పేరును కలిపి దీనిని రొన్యోని–లా తోర్రె చట్టం అంటారు. శిక్షాస్మృతిలో 416-బిస్ అనే అధికరణం దీని ద్వారానే చేరింది. బెదిరింపు శక్తి, దానివల్ల ప్రజలలో ఏర్పడే లొంగుబాటు, మౌనం అనే లక్షణాలతో మాఫియా సంఘాన్ని నిర్వచించిన అధికరణం ఇది.

1985లో పలెర్మో మేయరైన లియోలూకా ఓర్లాందో కాలంలో నగర మునిసిపాలిటీ 1986 ఫిబ్రవరిలో మొదలైన మహావిచారణలో బాధిత పక్షంగా చేరింది. నాలుగు వందల డెబ్బైకి పైగా నిందితులున్న ఆ కేసులో ‘ఈ నేరం వల్ల నష్టపోయినది నగరం’ అని నగరమే న్యాయస్థానం ముందు చెప్పుకుంది. రెండు దశాబ్దాల క్రితం బినామీలకు అనుమతులు పంచిన కార్యాలయం ఇదే అన్న విషయాన్ని గుర్తుంచుకుంటే ఈ చర్య ప్రాధాన్యం బోధపడుతుంది.

4. 1996 చట్టం: జప్తు ఆస్తికి ఊరే వారసురాలు

జప్తు అయితే మొదలైంది గాని, జప్తు చేసిన ఇళ్లూ పొలాలూ ఏమి కావాలన్న ప్రశ్న మిగిలిపోయింది. అవి రాజ్యం ఖాతాలో చేరి, తాళాలు పడి, శిథిలమయ్యేవి. మాఫియా నాయకుడి ఇల్లు పాడుబడి కనిపిస్తుంటే ఊరివారికి అందే సందేశం ఒక్కటే: అతడు ఉన్నప్పుడు ఇక్కడ పని ఉండేది, రాజ్యం వచ్చాక ఏమీ లేదు. న్యాయమూర్తులు ఫాల్కొనె, బోర్సెల్లీనో 1992లో హత్యకు గురైన తరువాత పౌర సమాజంలో వచ్చిన కదలిక ఈ సమస్యను ముందుకు తెచ్చింది. 1995లో మతాచార్యుడు లుయీజీ చోత్తి నాయకత్వంలో ఏర్పడిన ‘లీబెరా’ సంఘాల కూటమి పది లక్షల సంతకాలను సేకరించింది. ఫలితంగా 1996 మార్చి 7న 109వ నంబరు చట్టం వచ్చింది.

ఈ చట్టం ప్రకారం జప్తయిన స్థిరాస్తిని రాజ్యం తన అవసరాలకు ఉంచుకోవచ్చు. లేదా అది ఉన్న ఊరి మునిసిపాలిటీకి బదిలీ చేయవచ్చు. మునిసిపాలిటీ దానిని అమ్ముకోకూడదు. తానే బడికో, ఆసుపత్రికో, కార్యాలయానికో వాడాలి. లేదా సహకార సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు ఉచితంగా వినియోగానికి ఇవ్వాలి. ఆస్తి యాజమాన్యం మాత్రం ఊరిదే. 2010లో ఈ ఆస్తుల నిర్వహణకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. 2011 నాటి మాఫియా వ్యతిరేక స్మృతి ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చింది. తనకు బదిలీ అయిన ఆస్తుల జాబితాను ప్రతి మునిసిపాలిటీ బహిరంగంగా ప్రచురించాలన్న నియమం అందులో ఉంది. ఏ ఆస్తి, ఎక్కడ ఉంది, ఎవరి వినియోగంలో ఉంది అన్నది ఎవరైనా చూడగలగాలి. చిన్నదిగా కనిపించే ఈ నియమమే అన్నిటికన్నా పదునైనదని చెప్పవచ్చు. బినామీ పేర్ల మీద నడిచిన వ్యవస్థకు అసలు పేర్ల పట్టికే విరుగుడు.

5. యాతో లోయ: కోత కోసేవారు లేని పంట

పలెర్మోకు దక్షిణాన ఉన్న కొండప్రాంతంలో కొర్లియోనె, సాన్ జుసెప్పె యాతో, మొన్రెయాలె మొదలైన ఊళ్లు 2000లో ‘అభివృద్ధి–చట్టబద్ధత’ అనే పేరుతో ఒక ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. ప్రిఫెక్టు కార్యాలయం దీనికి తోడ్పడింది. ఒక్కొక్క ఊరికి దక్కిన పొలం చిన్నది, చెల్లాచెదురుగా ఉన్నది. అందరూ కలిపితేనే సాగు గిట్టుబాటవుతుంది. ఒక్క మేయరు సంతకం చేస్తే బెదిరింపు ఒక్కరి మీదికే వస్తుంది. ఎనిమిది ఊళ్లు కలిసి సంతకం చేస్తే ఆ బరువు పంచుకోవచ్చు. ఈ రెండవ కారణం పత్రాలలో కనిపించదు గాని మొదటిదానికన్నా తక్కువదేమీ కాదు.

2001లో బహిరంగ ప్రకటన ద్వారా ఎంపిక చేసిన నిరుద్యోగ యువకులతో ఒక సహకార సంఘం ఏర్పడింది. దానికి ప్లాచిదో రిజ్జోత్తో పేరు పెట్టారు. 1948లో ఆయన ఏ భూముల కోసం చనిపోయాడో ఆ ప్రాంతంలోనే గోధుమ, ద్రాక్ష సాగు మొదలైంది. తొలి పంట కాలంలో కోత యంత్రాన్ని అద్దెకిచ్చేవారే కరువయ్యారు. యంత్రం ఉన్న రైతు మాఫియా సభ్యుడు కానక్కరలేదు. రేపు తన యంత్రానికి ఏమవుతుందోనన్న భయం చాలు. చివరకు పోలీసుల రక్షణలో కోత సాగింది. ఆ గోధుమతో చేసిన పాస్తా, ఆ ద్రాక్షతో చేసిన సారాయం లీబెరా తెర్రా అనే పేరుతో ఇటలీ అంతటా అమ్ముడవుతున్నాయి. కొర్లియోనెలో తొత్తో రీనా కుటుంబానికి చెందిన ఇంటిని వ్యవసాయ పాఠశాలకు ఇచ్చారు. సాన్ జుసెప్పె యాతో సమీపంలో, సాక్షిగా మారిన ఒక మాజీ మాఫియా సభ్యుడి కొడుకును రెండేళ్లకు పైగా బంధించి 1996 జనవరిలో చంపిన చోటు నేడు ‘స్మృతివనం’. బడిపిల్లలు అక్కడికి వచ్చి ఆ భూగర్భ గదిని చూసి వెళతారు.

ఈ సహకార సంఘాలను దగ్గరుండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త థియోడొరోస్ రకోపులోస్ 2017లో వెలువడిన తన గ్రంథంలో కొన్ని చేదు వాస్తవాలను నమోదు చేశాడు. సంఘాల నిర్వాహకులు ఎక్కువగా పలెర్మో నుంచి వచ్చే చదువుకున్నవారు. పొలంలో పనిచేసేవారు స్థానికులు. నిర్వాహకులకు మాఫియా ఒక స్పష్టమైన శత్రువు. పనివారికి అది పక్కపొలం యజమాని, దూరపు బంధువు, కాఫీ దుకాణంలో రోజూ పలకరించే మనిషి. ‘మాఫియాతో సంబంధం లేనివారు’ అన్న గీతను నిర్వాహకులు గీసినంత సూటిగా ఊరివారు గీయలేరు. ఊరి బంధుత్వాల గురించి తెలిసిన తెలుగు పాఠకునికి ఇది వింతగా తోచదు. పనివారిలో చాలామంది ఈ కొలువులకు వచ్చింది ఆదర్శం కోసం కాదు. సక్రమమైన జీతం, సామాజిక బీమా కోసం వచ్చారు. దీనిని వైఫల్యంగా చూడటం సరికాదు. చీటీ లేని కూలి మాత్రమే తెలిసిన ప్రాంతంలో చట్టబద్ధమైన జీతపు చీటీ రావడమే మాఫియా లాక్కున్న దానిలో కొంత తిరిగి రావడం.

6. కంచే చేను మేస్తే

ఆస్తిని మునిసిపాలిటీకి ఇవ్వాలన్న చట్టం, మునిసిపాలిటీ నిజాయితీగా ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం ఎంత బలహీనమో ఇటలీ పార్లమెంటుకు ముందే తెలుసు. 1991 మేలో కలాబ్రియాలోని తౌరియనోవాలో జరిగిన వరుస హత్యల తరువాత, అదే నెల 31న ఒక అత్యవసర శాసనం వచ్చింది. మాఫియా చొరబడినదని తేలిన మునిసిపల్ కౌన్సిలును రద్దుచేసి, ముగ్గురు ప్రభుత్వాధికారుల సంఘాన్ని నియమించడానికి అది వీలు కల్పించింది. మొదట రద్దయిన కౌన్సిళ్లలో తౌరియనోవా ఒకటి. అప్పటి నుంచి రద్దయిన కౌన్సిళ్లు మూడు వందలకు పైమాటే. 2012 అక్టోబరులో రెజ్జో కలాబ్రియా నగర కౌన్సిలు రద్దయింది. 2016 ఆగస్టులో రద్దయినది సాక్షాత్తూ కొర్లియోనె కౌన్సిలు. జప్తు భూముల ఉద్యమానికి కేంద్రమైన ఊరే, తన కాంట్రాక్టులలో మాఫియా నీడ పడిందన్న కారణంగా ఎన్నికైన పాలకులను కోల్పోయింది.

రద్దు విధానంపై వచ్చే విమర్శలో నిజం లేకపోలేదు. అధికారుల సంఘం 12 నుంచి 18 నెలలు, పొడిగిస్తే 24 నెలలు ఉంటుంది. వచ్చినవారికి ఊరు తెలియదు. కాంట్రాక్టులు నిలిపివేస్తారు, కొత్త పనులు మొదలుపెట్టరు. చెత్త ఎత్తేవారు లేక, రోడ్డు వేసేవారు లేక ఇబ్బందిపడే జనం ‘పాతవారే నయం’ అంటే ఆశ్చర్యపడనక్కరలేదు. రద్దయిన కౌన్సిలు తిరిగి ఎన్నికై మళ్లీ రద్దయిన సందర్భాలూ ఉన్నాయి. పైగా కౌన్సిలరు మారినంత సులభంగా ఫైలు కదిపే ఉద్యోగి మారడు. పలెర్మోలో 1960ల నాటి అనుమతులు సాగింది అటువంటి చేతుల మీదుగానే కదా.

మరోవైపు నిజాయితీగా నిలబడిన స్థానిక ప్రతినిధులు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. పూలియా ప్రాంతంలోని నార్దో పట్టణ పాలకవర్గ సభ్యురాలు రెనాతా ఫోంతె 1984లో హత్యకు గురయ్యారు. పోర్తో సెల్వాజ్జో తీరాన్ని కట్టడాల నుంచి కాపాడాలని ఆమె పట్టుబట్టారు. ఆ తీరం నేడు రక్షిత ప్రకృతివనం. కంపానియాలోని కజాల్ ది ప్రిన్చిపెలో 1993లో మేయరైన వైద్యుడు రెనాతో నతాలె ఏడాదైనా నిండకముందే పదవి కోల్పోయాడు. మతాచార్యుడు జుసెప్పె దియానాను ఆ ఊరి చర్చిలోనే చంపినది 1994 మార్చిలో. నతాలె ఇరవై ఏళ్ల తరువాత, 2014లో మళ్లీ మేయరయ్యాడు. ఆ మరుసటి ఏడాది, జప్తయిన ఒక భవనంలో ఫ్లోరెన్సులోని ఉఫీజి చిత్రశాల నుంచి తెచ్చిన చిత్రాలతో ప్రదర్శన జరిగింది. బెదిరింపులను ఒంటరిగా ఎదుర్కొనే మేయర్లకు తోడుగా 1996లో ఏర్పడిన ‘అవ్విజో పూబ్లికో’ అనే స్థానిక ప్రభుత్వాల సంఘం, దేశంలో ప్రజాప్రతినిధులపై జరిగే బెదిరింపులను ఏటా లెక్కగట్టి ప్రకటిస్తోంది.

7. ఆచరణలోని చిక్కులు

చట్టం కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా, చిన్న మునిసిపాలిటీకి దక్కే ఆస్తి తరచూ ఒక తలనొప్పిగా మారుతుంది. ఇంటి మీద బ్యాంకు తనఖా ఉంటుంది. కొన్నిటికి అసలు నిర్మాణ అనుమతే ఉండదు. కొన్నిట్లో నేరస్థుని కుటుంబమే ఇంకా నివసిస్తూ ఉంటుంది. ఖాళీ చేయించవలసిన మేయరు అదే వీధిలో ఉంటాడు. తాత్కాలిక స్వాధీనం నుంచి తుది తీర్పు వరకు ఏళ్లు గడుస్తాయి; ఈలోగా కిటికీలు, తీగలు, గొట్టాలు మాయమవుతాయి. మరమ్మతుకు ఊరి బడ్జెటులో సొమ్ము ఉండదు. నిర్ణీత గడువులోగా వినియోగంలోకి తేకపోతే జాతీయ సంస్థ ఆస్తిని వెనక్కి తీసుకోవచ్చు గాని, అంతమాత్రాన ఆ ఇంటి కప్పు బాగుపడదు.

జప్తయిన వ్యాపార సంస్థల పరిస్థితి మరీ దయనీయం. బెదిరింపుతో సంపాదించిన కాంట్రాక్టులు, లెక్కల్లో చూపని కూలి ఆగిపోగానే వాటిలో చాలా భాగం మూతపడతాయి. పనిపోయిన కార్మికుడి దృష్టిలో ఆ తప్పు మాఫియాది కాదు, జప్తు చేసిన రాజ్యానిది. జప్తు ఆస్తుల తాత్కాలిక నిర్వాహకుల నియామకంలో పలెర్మో న్యాయస్థాన విభాగంలోనే అక్రమాలు జరిగాయని 2015లో బయటపడటం, సంబంధిత న్యాయమూర్తికి 2020లో దిగువ న్యాయస్థానం జైలుశిక్ష విధించడం ఈ వ్యవస్థ ప్రతిష్ఠకు పెద్ద దెబ్బ.

జప్తుకన్నా ముందే అడ్డుకట్ట వేయాలన్నది నెదర్లాండ్స్ ఎంచుకున్న మార్గం. 2003లో అమలులోకి వచ్చిన ‘బిబోబ్’ చట్టం ప్రకారం అక్కడి మునిసిపాలిటీ లైసెన్సు కోరేవారి పెట్టుబడి ఎక్కడిదో విచారించవచ్చు. నేరపు సొమ్మని బలమైన అనుమానం ఉంటే లైసెన్సును నిరాకరించవచ్చు. పలెర్మోను ధ్వంసం చేసినదీ, ఆమ్స్టర్‌డామ్ ఆయుధంగా తీసుకున్నదీ ఒకే అధికారం కావడం విశేషం.

8. భారతీయ చట్టాలలో స్థానిక సంస్థ

లా తోర్రె చట్టం వచ్చిన 1982లోనే ఆంధ్రప్రదేశ్ భూ ఆక్రమణల నిషేధ చట్టాన్ని చేసింది. ప్రత్యేక న్యాయస్థానాలకు వీలు కల్పించింది. భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షను వ్యవస్థీకృత నేరాన్ని నిర్వచించింది. అది 2024 జూలై 1 నుంచి అమలులో ఉంది. నేరపు ఆస్తుల జప్తుకు మనీలాండరింగ్ నిరోధక చట్టం (2002) ఉంది. ఆ చట్టం కింద జప్తయిన ఆస్తి కేంద్రప్రభుత్వానికి సంక్రమిస్తుంది. ఆస్తి ఉన్న ఊరి పంచాయతీకో, మునిసిపాలిటీకో దానిని ప్రజోపయోగానికి బదిలీ చేయాలన్న నియమం అందులో లేదు. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండవ షెడ్యూలులోని 18 అంశాలలో పోలీసు అధికారం లేని మాట నిజమే. అయితే ఇటలీ మునిసిపాలిటీ వాడుకున్నదీ ప్రధానంగా పోలీసు అధికారం కాదు. భూవినియోగ నియంత్రణ, భవన నిర్మాణ అనుమతి, పట్టణ ప్రణాళిక అనే అంశాలు ఆ 18లో మొదటి రెండు వరుసలలోనే ఉన్నాయి.